మాస్టారి కుడికాలు

"అరగంట. ఆ తర్వాత దణ్ణం పెట్టినా ఉండనివ్వను," అన్నాడు ఇన్‌స్పెక్టర్, గుమ్మానికి అడ్డంగా నిలబడి.

ఆ అరగంటైనా అతను దయతలచి ఇచ్చింది కాదు. అతనూ ప్రైవేటు డిటెక్టివూ తోడల్లుళ్ళు. పొద్దున్నే అక్కాచెల్లెళ్ళు ఫోన్లో మాట్లాడుకున్నారు. ఫోను పెట్టేసిన చెల్లెలు, మా బావగారికి ఆ గది ఒక్కసారి చూపిస్తే నీ సొమ్మేం పోతుందని మొగుడి ప్రాణం తీసింది. స్టేషన్లో పులిలా తిరిగే మనిషి ఇంట్లో పిల్లి. ఆ ఉక్రోషమంతా ఇప్పుడు డిటెక్టివ్ మీద చూపిస్తున్నాడు.

డిటెక్టివ్ కూడా ఒకప్పుడు ఆ శాఖలోనే పనిచేశాడు. అక్కడివాళ్ళు పెట్టిన పేరు జిడ్డు. ఉద్యోగం వదిలేసి చాలాకాలమైంది గానీ పేరు మాత్రం అతన్ని వదల్లేదు, అతనూ దాన్ని వదిలించుకోవాలని చూడలేదు.

కేసు రెండు ముక్కల్లో చెప్పొచ్చు. నిన్న సాయంత్రం ఆరింటికి ఈ గదిలో సంగీతం మాస్టారు చచ్చిపడి ఉండగా భార్య చూసింది. తలకి బల్ల అంచు తగిలింది, లోపల రక్తం గడ్డకట్టింది. నాలుగింటికి ఆయనతో గొంతు చించుకుని పోట్లాడి వెళ్ళిన ప్రోగ్రామర్ ఇప్పుడు బేడీలతో గోడ పక్కన నిలబడి ఉన్నాడు. సాయంత్రం అతన్ని మేజిస్ట్రేటు ముందు పెడతారు. తాను వెళ్ళిపోయేసరికి మాస్టారు క్షేమంగా ఉన్నాడని తేలితే ఇంటికి వెళతాడు, తేలకపోతే జైలుకి వెళతాడు. తల్లి పోయాక అతన్ని ఎత్తుకుని పెంచిన అక్క ఒకతె బయట జీపు పక్కనే నిలబడి ఉంది. జిడ్డుని కుదుర్చుకున్నది ఆవిడే.

చచ్చినవాడి గురించి మంచి మాట చెప్పేవాళ్ళు ఆ వీధిలో ఒక్కరు దొరకలేదు. సంగీతం రాసుకునే సాఫ్ట్‌వేర్ తయారుచేసే కంపెనీ ఒకటి, అమ్మకానికి పెట్టేముందు దాన్ని వాడి చూసి తప్పులు పట్టే పని మాస్టారికి అప్పజెప్పింది. కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది. తప్పు పట్టడమంటే ఆయనకి ప్రాణం, తప్పు చేసినవాణ్ణి చీల్చి చెండాడడం అంతకంటే ప్రాణం. నీ పుట్టుకే అపశ్రుతి అని దాన్ని తయారుచేసిన ఈ ప్రోగ్రామర్‌కి రాశాడు, అతని పై అధికారులందరికీ నకళ్ళు పంపాడు. రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయినా నోటికి మాత్రం ఏమీ కాలేదు.

గదిలో బల్ల, దాని మీద కంప్యూటర్, పక్కన ఎలక్ట్రానిక్ కీబోర్డు ఉన్నాయి. కుర్చీకీ బల్లకీ మధ్య నేల మీద శవం ఆకారంలో సుద్దగీత ఉంది. తలుపు ఒక్కటే, అది వసారాలోకి తెరుచుకుంటుంది. వసారాకి ఆ చివర హాలు, ఈ చివర మేడమెట్లు.

"చెప్పవయ్యా," అన్నాడు జిడ్డు ప్రోగ్రామర్‌తో. "సంగీతంలో నాకు ఓనమాలు కూడా రావు. చంటిపిల్లాడికి చెప్పినట్టు చెప్పు."

బేడీల చేతులతోనే చూపిస్తూ అతను చెప్పుకొచ్చాడు. కంప్యూటర్లో రాసిన సంగీతం ఈ కీబోర్డులోంచి వినిపిస్తుంది. రెంటినీ కలిపే వైరులో వెళ్ళేది శబ్దం కాదు, ఆజ్ఞలు. ఈ మెట్టు నొక్కు, ఇప్పుడు వదులు, అంతే. దాన్నే మిడి అంటారు. వదలమన్న ఆజ్ఞ దారిలో ఎక్కడో తప్పిపోతే ఆ స్వరం మోగుతూనే ఉంటుంది. ఇక బల్ల కింద కాలితో నొక్కే పెడల్ ఒకటుంది. కాలు దాని మీద ఉన్నంతసేపూ, వదలమన్నా కీబోర్డు దేన్నీ వదలదు. స్వరం మీద స్వరం పేరుకుపోతుంది. కాలు తీస్తే అన్నీ ఒక్కసారిగా ఆగాలి.

ఆగడం లేదన్నదే మాస్టారి ఫిర్యాదు. కాలు తీశాక కూడా ఒకటో రెండో స్వరాలు వేలాడుతున్నాయట. ప్రోగ్రామర్ దాన్ని సరిచేసి, కొత్త వెర్షన్ పట్టుకుని నిన్న వచ్చాడు. వయొలిన్ గొంతుతో పొట్టి పొట్టి స్వరాలు నాలుగు వరసలు రాసి, అయిపోగానే మళ్ళీ మొదలయ్యేలా పెట్టారు. మాస్టారు కుడికాలితో పెడల్ నొక్కాడు, వదిలాడు, మళ్ళీ నొక్కాడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు ఆయనకి ఒళ్ళు మండింది.

"ఆ చెవులు కోసి కుక్కలకి వెయ్యరా అన్నారు. మా అక్కని కూడా ఓ మాట అన్నారు. అప్పుడు నేనూ నోరు జారాను."

"ఏమని?"

ప్రోగ్రామర్ తల దించుకున్నాడు. జవాబు ఇన్‌స్పెక్టర్ చెప్పాడు, మిఠాయి చప్పరిస్తున్నట్టు. "నువ్వు చస్తేగాని ఈ ఇంటికి పీడ వదలదు అన్నాడు. పక్కింటివాళ్ళు ఇద్దరు విన్నారు. అని, ఓ తోపు తోశాడు, ముసలాడు పోయాడు. ఇంకేం కావాలి అన్నయ్యగారూ?"

జిడ్డు మోకాళ్ళు పటపటమంటుంటే బల్ల కిందికి దూరాడు. పెడల్ సుద్దగీతలోని కుడిపాదం దగ్గరే ఉంది. దాని తీగ మాత్రం కీబోర్డు వెనక గుచ్చి లేదు. విప్పి, గుండ్రంగా చుట్టి, చివర లోపలికి దోపి గోడవారగా పెట్టి ఉంది. నిన్నటి నుంచీ ఎవరూ ముట్టుకోలేదన్నాడు ఇన్‌స్పెక్టర్. తన ఫొటోగ్రాఫర్ తీసిన బొమ్మలు కూడా చూపించాడు. బొమ్మల్లోనూ ఆ చుట్ట అలాగే ఉంది.

జిడ్డు హాల్లోకి వెళ్ళాడు. మాస్టారి భార్య ఉతికిన బట్టలు మడతపెడుతోంది. మొగుడు పోయి ఒక రోజు తిరగలేదు, ఆవిడ కళ్ళలో ఒక్క చుక్క తడి లేదు. తువ్వాళ్ళు అంచుకి అంచు కలిపి, పాత పియానో మూత మీద దొంతరగా పేరుస్తోంది. ఆ అబ్బాయి వెళ్ళాక ఏం వినిపించిందమ్మా అని అడిగితే దాపరికం లేకుండా చెప్పింది. మొదట టకటకమని ముక్కలుగా వచ్చిందట. నాలుగున్నర ప్రాంతంలో తుట్టె కదిపినట్టు పెద్ద మోత లేచిందట. ఆగింది. మళ్ళీ ముక్కలు, మళ్ళీ మోత.

"మొదట్లో గబగబా వచ్చింది. తర్వాత ఉండి ఉండి. చివరికి ఎప్పుడో ఒకటి," అంది.

"మీరు వెళ్ళి చూడలేదా?"

"పిలవకుండా వెళితే చెయ్యి చేసుకుంటారు. టీవీ సౌండు పెంచుకున్నాను."

చెయ్యి చేసుకోవడం అన్న మాట ఆవిడ నోట్లో ఎండా వానా అన్నట్టే వచ్చింది. కూతురు అప్పుడే మేడ దిగి వస్తోంది. ముప్ఫయ్యేళ్ళు ఉంటాయి. కుడిచేతి రెండు వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయి ఉన్నాయి. జిడ్డు చూపు అక్కడ ఆగడం కనిపెట్టి తల్లే చెప్పింది. చిన్నప్పుడు ఒక స్వరం తప్పు వాయిస్తే తండ్రి ఈ పియానో మూతే వేళ్ళ మీద దబాలున పడేశాడట. వేళ్ళు పోయాయి గానీ పిల్ల చెవులు బంగారమట. రెండేళ్ళుగా ఆయన పేరుతో కంపెనీకి వెళ్ళే తప్పులన్నీ పట్టింది పిల్లేనట. జిడ్డు ఎందరో దుర్మార్గుల్ని చూశాడు. అయినా ఆ మూత మీద తువ్వాళ్ళు చూస్తుంటే ఒంటిమీద జెర్రి పాకినట్టయింది.

ఇద్దర్నీ గదిలోకి రమ్మన్నాడు. తల్లి పని ఉందని హాల్లోనే ఉండిపోయింది, కూతురు వచ్చింది. నిన్న మధ్యాహ్నం నుంచీ మేడ మీద పడుకున్నానని ఆమె పోలీసులకి ముందే చెప్పింది. పెడల్ తీగ గురించి అడిగితే తడుముకోకుండా సమాధానం చెప్పింది.

"అది ముందునుంచీ పీకే ఉందండీ. స్వరం వేలాడుతుంటే మేం మొదట చేసే పని పెడల్ పీకెయ్యడం. లేకపోతే తప్పు సాఫ్ట్‌వేర్‌దో కాలిదో తెలియదు."

మాటకి మాట అతికినట్టుంది. ప్రోగ్రామర్ కూడా పని పద్ధతి అదేనని ఒప్పుకున్నాడు. జిడ్డు తలూపి, ఆ చుట్ట విప్పి తీగ కీబోర్డుకి గుచ్చి, నిన్నటి నాలుగు వరసలు పెట్టమన్నాడు.

ముక్కలు ముక్కలుగా స్వరాలు మొదలయ్యాయి. జిడ్డు కుర్చీలో కూర్చుని తన కాలు పెడల్ మీద వేశాడు. ఒకదానిమీద ఒకటి ఎక్కి, ఎక్కడా తెగకుండా, గది నిండా భరించలేని మోత లేచింది. కాలు తీశాడు, ఠక్కున పోయింది. హాల్లోంచి తల్లి గొంతు వినిపించింది. "అదే. నిన్నటి మోత అదే."

ఇప్పుడు పాత వెర్షన్ పెట్టి, మాస్టారు ఫిర్యాదు చేసిన తప్పు చూపించమన్నాడు. ప్రోగ్రామర్ కొంచెంసేపు తంటాలుపడ్డాక ఒక స్వరం వేలాడింది. సన్నగా, మొండిగా, పుండు సలిపినట్టు ఉంది. ఎంతసేపైనా అది ఆగదన్నాడు. అన్నిటినీ ఆపేసే ఒక మీట ఉంది, అది నొక్కితేనే ఆగింది. ఇది కాదంది తల్లి.

"చూశావుగా," అన్నాడు జిడ్డు ఇన్‌స్పెక్టర్‌తో. "లేచి, పోయి, మళ్ళీ లేచేది తప్పు వల్ల వచ్చిన మోత కాదు. కాలు పెట్టిన మోత. నాలుగున్నరకి ఈ గదిలో ఒక కాలు బతికి ఉంది. ఆ టైముకి ఇతను ఆఫీసు గేటు కెమెరాలో ఉన్నాడని నీ వాళ్ళే తేల్చారు."

ఇన్‌స్పెక్టర్ నవ్వాడు. "రేడియో మోగుతుంటే ఇంట్లో మనిషున్నట్టేనా? ఇతను కంప్యూటర్లో ఏదో పెట్టి వెళ్ళుంటాడు. పూట గడవక కేసులు పట్టుకు తిరిగేవాళ్ళకి కాళ్ళు కనిపిస్తాయి, చేతులు కనిపిస్తాయి. ఇంటికెళ్ళి పడుకోండి."

కూతురు అతనికి సాయం వచ్చింది. స్వరాల కింద పెడల్ గుర్తులు రాస్తే కంప్యూటరే పెడల్ ఆజ్ఞ పంపుతుందని మెల్లగా చెప్పింది. అది నిజమే. ప్రోగ్రామర్ మొహంలో నెత్తురు చుక్క లేదు. అయినా ఆ నాలుగు వరసలూ తెరమీద పెట్టాడు. ఒక్క గుర్తు లేదు. తర్వాత చెరిపేశారేమో అంది ఆమె.

"సరే, చెరిపేశారే అనుకుందాం," అన్నాడు జిడ్డు. "గుర్తులు రాస్తే మోత ప్రతిసారీ ఒకేచోట రావాలి కదమ్మా. మీ అమ్మ ఏం విన్నారు? మొదట గబగబా, తర్వాత ఉండి ఉండి, చివరికి ఎప్పుడో ఒకటి. కంప్యూటర్‌కి ఆయాసం రాదు. మనిషికి వస్తుంది."

ఇన్‌స్పెక్టర్‌కి కోపంతో చెవులు ఎర్రబడ్డాయి గానీ బుర్ర మాత్రం పనిచేసింది. అతను మూర్ఖుడే కావచ్చు, చవట కాదు. "బతికే ఉన్నాడనుకోండి. అయితే? నాలుగింటికి ఇతను తోశాడు, పడి, కాసేపు కొట్టుకుని చచ్చాడు. అప్పుడూ హంతకుడు ఇతనేగా? మీ వాదనతో ఉరితాడు ఇంకాస్త బిగించారు, థాంక్స్."

ప్రోగ్రామర్ గోడకి జారగిలబడ్డాడు. జీపు దగ్గర నిలబడ్డ అక్క కిటికీలోంచి కనిపిస్తూనే ఉంది. ఇన్‌స్పెక్టర్ గడియారం చూసుకుని, టైమైందని కానిస్టేబుల్‌ని కేకేశాడు.

జిడ్డు లేచి పెడల్ తీగ పీకి కూతురి చేతిలో పెట్టాడు. "ఇది ఎక్కడిదక్కడ పెట్టేయమ్మా, వెళ్ళిపోతాం." ఆమె ఎడమచేత్తో తీగ చుట్టింది. బిగుసుకున్న వేళ్ళు రెండూ కొయ్యగూటంలా నిలిపి, వాటి చుట్టూ తిప్పి, చివర లోపలికి దోపి గోడవారగా పెట్టింది. ఏళ్ళ తరబడి చేసిన పని, చూడకుండానే చేసేసింది. జిడ్డు వంగి దాన్ని తీసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ చేతిలోంచి నిన్నటి ఫొటో లాక్కుని రెండూ పక్కపక్కన పట్టుకున్నాడు.

"తిప్పిన వైపు ఒకటే, దోపిన చోటు ఒకటే. నీ ఫొటోగ్రాఫర్ మంచి పనివాడు తమ్ముడూ."

"ఇంట్లో తీగలన్నీ నేనే చుడతాను," అంది కూతురు. "ముందునుంచీ పీకే ఉందన్నాను కదా."

"అన్నావు. స్వరం వేలాడుతోందని వెతికేటప్పుడు పెడల్ పీకేస్తారు, ఒప్పుకున్నాం. కానీ నిన్న జరిగింది వెతకడం కాదు. కొత్త వెర్షన్లో పెడల్ మీంచి కాలు తీయగానే స్వరాలు ఆగుతున్నాయో లేదో చూడడానికి వచ్చాడు ఇతను. పెడల్ పీకేసి పెడల్‌ని ఎలా చూస్తారమ్మా? మోత వినిపించినంతసేపూ అది గుచ్చే ఉంది. మోత ఆగాక పీకారు. పీకిన చెయ్యి నీది. అంటే నువ్వు మేడ మీద లేవు, ఇక్కడున్నావు. మీ నాన్న ఎలా పడ్డాడో చూసింది నువ్వొక్కదానివే." జిడ్డు గొంతు తగ్గించాడు. "ఆ అబ్బాయి అక్క అదుగో, కిటికీలోంచి కనిపిస్తోంది. నువ్వు నోరు విప్పకపోతే అతన్ని తీసుకెళ్ళిపోతారు."

కూతురు కిటికీ వైపు చాలాసేపు చూసింది. చెప్పడం మొదలుపెట్టాక మాత్రం గొంతు ఎక్కడా వణకలేదు.

"అతను తొయ్యలేదు. అతను వెళ్ళాక కూడా నాన్న కూర్చునే ఉన్నాడు, తిడుతూనే ఉన్నాడు. కాసేపటికి నేను దిగి వచ్చాను. కర్ర అందుకోబోయి, నేను గుమ్మంలో ఉండగానే పడ్డాడు. నోట మాట రాలేదు. కుడికాలు మాత్రం పెడల్ మీద పడింది. నొక్కాడు. నా వైపు చూస్తూ మళ్ళీ నొక్కాడు. పిలుస్తున్నాడని తెలిసింది."

"నువ్వేం చేశావు?"

"తలుపు మూసి, కుర్చీ ఇటు తిప్పుకుని కూర్చున్నాను. ఎన్నిసార్లు నొక్కినా ఒక్కసారి కూడా లయలో నొక్కలేదు." ఆమె తన వేళ్ళ వైపు చూసుకుంది. "ఆ మాట ఆయనకి చెప్పాను కూడా."

తీగ ఎందుకు పీకావని జిడ్డే అడగాల్సి వచ్చింది. అడగాలని అతనికి లేదు.

"హాల్లో టీవీ ఆగిపోయింది. అమ్మ అడుగుల చప్పుడు వినిపించింది. అమ్మది మెత్తని గుండె. వచ్చిందంటే డాక్టర్ని పిలుస్తుంది. అందుకని పీకేశాను."

"అప్పటికి ఆయన పోయాడా?"

"లేదు. కాలు ఇంకా ఆడుతూనే ఉంది. మోత రాలేదంతే. అమ్మ తలుపు దాకా వచ్చి వెనక్కి వెళ్ళిపోయింది. కాలు ఆగాక తీగ చుట్టి పెట్టి, మేడ మీదకి వెళ్ళిపోయాను."

జిడ్డుకి అమాయకుణ్ణి ఒకణ్ణి బయటపడేశానన్న తృప్తి రాలేదు. ప్రోగ్రామర్ గోడవైపు తిరిగి ఏడుస్తున్నాడు. అతను ఎవరి కోసం ఏడుస్తున్నాడో జిడ్డుకి అర్థం కాలేదు.

గుమ్మంలో అలికిడైంది. మాస్టారి భార్య మడతపెట్టిన తువ్వాలొకటి గుండెకి ఆనించుకుని నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో ఎవరూ చూడలేదు. మిగతావాళ్ళెవరూ అక్కడ లేనట్టు కూతురితోనే మాట్లాడింది.

"నేను లేచింది డాక్టర్ కోసం కాదే పిచ్చిదానా. ఒక్క అపస్వరం వినిపిస్తే ఇల్లు పీకి పందిరేసే మనిషి, అంత మోత అంతసేపు వస్తున్నా ఊరుకున్నారంటే లేవలేని స్థితిలో ఉన్నారని ఎప్పుడో అర్థమైంది నాకు. నిన్ను సాధనకి కూర్చోబెట్టడానికి ఈ తలుపుకి బయటినుంచి గడియ పెట్టించారుగా, అది వెయ్యడానికి లేచాను. నువ్వు మేడ మీద ఉన్నావనుకున్నాను. ఆ మోత విని జాలిపడి, ఎక్కడ దిగి వచ్చి కాపాడతావోనని భయమేసింది. తలుపు దాకా వచ్చేసరికి మోత ఆగిపోయింది. ఇంక గడియతో పనేముందని వెళ్ళిపోయాను."

కూతురు తల్లి మొహంలోకి చూసింది. నిన్నటినుంచీ పొడిగా ఉన్న ఆమె కళ్ళు ఇప్పుడు నిండాయి. వెళ్ళి తల్లి భుజం మీద తల పెట్టుకుంది. తల్లి ఆ తువ్వాలుతోనే ఆమె మొహం తుడిచి, కొయ్యబారిన వేళ్ళు రెండూ తన గుప్పిట్లోకి తీసుకుంది.

ఇన్‌స్పెక్టర్ తాళంచెవి తీసి ప్రోగ్రామర్ బేడీలు విప్పాడు. వాటిని చేత్తో పట్టుకుని, ముందు ఎవరి దగ్గరికి వెళ్ళాలో తెలియక గది మధ్యలో నిలబడిపోయాడు.